మైకు ఇవ్వడానికి ఒక ఏడాది ఆగండి

“అన్నీ వరదలో పోయినాయి, దేవుడు మాత్రం దొరికినాడు.” మన కర్నూలు, కడప వైపు చర్చిల్లో వరద సాక్ష్యాలు, అంటే దేవుడు తమకు చేసిన మేలును సంఘం ముందు చెప్పుకునే మాటలు, ఎన్ని విన్నా చివరికి ఈ ఒక్క మాట దగ్గరికే వచ్చి ఆగుతాయి. ఈ మధ్య వాట్సాప్‌లో తిరిగిన ఒక వీడియోలోనూ అంతే. ఇల్లు కూలి నలభై రోజులు కూడా కాని ఒకామె మైకు పట్టుకుని నిలబడింది. వెనక కీబోర్డు మెల్లగా మోగుతోంది. నీళ్ళు గడప దాటిన సంగతి చెప్తూ చెప్తూ ఆగిపోయింది. ఆమె ఆగిన చోట జనం “స్తోత్రం” అన్నారు. ఆమెకు మళ్ళీ గొంతు పెగల్లేదు. పాస్టరు మైకు తీసుకుని మిగతా సాక్ష్యం తానే పూర్తి చేశాడు.

ఆమె విశ్వాసం మీద నాకు అనుమానం లేదు. నా అనుమానమంతా ఆ మైకు మీదే. వరద తర్వాత దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళు నిజంగానే ఉన్నారు, ఏళ్ళ తరబడి నిలబడ్డవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను నిలబెట్టింది వేదిక కాదు. పారలు, తట్టలు పట్టుకుని వచ్చి, ఆ తర్వాత కూడా రావడం మానని నలుగురు మనుషులు. అందుకే నా వాదన ఇది: సంఘం చేసే సాయం మొదటి గంటలోనే మొదలవ్వాలి, సాక్ష్యం చెప్పించడం, బాప్తిస్మం ఇవ్వడం మాత్రం ఒక ఏడాది ఆగాలి. ఏడాదే ఎందుకంటే, మళ్ళీ ఒక వానాకాలం చూసేదాకా ఆ మనిషికి తన మనసు తనకే తెలియదు.

మొదటి వారంలో అందరూ వస్తారు

2009 అక్టోబరు 2న కర్నూలు మునిగినప్పుడైనా, 2021 నవంబరు 19న అన్నమయ్య డ్యామ్ కట్ట తెగి చెయ్యేరు పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట మీద పడినప్పుడైనా, 2022 అక్టోబరులో అనంతపురం కాలనీల్లోకి వంక (వాగు) నీళ్ళు వచ్చినప్పుడైనా అన్నం పొట్లాలకు మరీ కరువు రాలేదు. అవి చేరే చోటే తేడా. లారీ మెయిన్ రోడ్డు మీద ఆగుతుంది. వంక గట్టున ఉన్న పేటలోకి పోవాలంటే మోకాటి లోతు బురద. రోడ్డు మీదివాళ్ళకు పూటకు మూడు పొట్లాలు, లోపలివాళ్ళకు ఒకటీ ఉండదు. చర్చి అక్కరకొచ్చేది ఇక్కడే. మన వైపు చర్చి మెయిన్ రోడ్డు మీద కన్నా పేటలోనే ఎక్కువ ఉంటుంది. ఏ సందులో ఎవరున్నారో పాస్టరమ్మకు నోటికి తెలుసు. మంచం పట్టిన ముసలామె ఏ ఇంట్లో ఉందో, ఎవరి కోడలు నెలలు నిండి ఉందో ఏ ఆఫీసు లిస్టులోనూ ఉండదు.

కాకపోతే పేట మునిగితే చర్చీ మునుగుతుంది, పాస్టరు ఇల్లూ మునుగుతుంది. సాయం చేసేవాడే సాయం అడిగే స్థితిలో ఉంటాడు. ఈ సంగతి మరిచిపోయి ‘సంఘం ఏం చేసింది’ అని లెక్కలడిగేవాళ్ళను చూస్తే చిరాకేస్తుంది. మిట్ట మీదున్న ఇంకో ఊరి సంఘంతో ముందే మాట అనుకుని ఉండాలి, డేక్సాలు అక్కడే ఉండాలి. ప్రేమ విందులు చేసే సంఘాలకు పెద్ద వంట కొత్త కాదు. నూరు మందికి ఒక పూటకు 12 నుంచి 15 కిలోల బియ్యం. పెరుగన్నం, సాంబారన్నం వద్దు, సాయంత్రానికి పులుస్తాయి. పులిహోర అయితే చింతపండు, నూనె వల్ల మరుసటి రోజుకీ నిలుస్తుంది. అదైనా వేడివేడిగా కవర్లో కడితే లోపల చెమట పట్టి పాడవుతుంది. పళ్ళేల్లో పరిచి ఆరబెట్టి, అప్పుడు కట్టాలి. తొందరలో తప్పేది ప్రతిసారీ ఈ ఒక్క పనే.

మందిరం తెరిచి జనాన్ని పడుకోబెడతారు, మంచిదే. ఎంతమందిని? మనిషికి మూడున్నర చదరపు మీటర్ల చోటు ఉండాలన్నది సహాయ శిబిరాల్లో పాటించే కొలత. 30 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవున్న మందిరంలో ఆ లెక్కన 40 మంది పడతారు. మనం 200 మందిని కుక్కుతాం. 20 మందికి ఒక మరుగుదొడ్డి అంటారు. చాలా చర్చిల్లో ఉండేది ఒకటే, దానికీ తాళం వేసి ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో దేవుడికే తెలియాలి.

పాత బట్టల మూటల గురించి ఎక్కువ చెప్పను. ఎవరూ తొడగని ఫ్యాంట్లు, చినిగిన చుడీదార్లు వరండాలో గుట్టపడి, వానకు తడిసి, పది రోజులకు కంపు కొడతాయి. పంపేటట్టయితే కొత్త లోపావడాలు, లోదుస్తులు, నైటీలు, ప్యాడ్లు, తువ్వాళ్ళు పంపండి. వాటిని పంచడానికి స్త్రీల మైత్రి (సంఘంలోని ఆడవాళ్ళ బృందం) వాళ్ళను పెట్టండి, సంఘ పెద్దలను కాదు.

ఒండ్రు

రెండో వారానికి లారీలు పోతాయి, ఒండ్రు మిగులుతుంది. విశ్వాసం గురించి రాస్తూ బురద లెక్కలేమిటి అనుకునేవాళ్ళు ఒక్క గది లెక్క చూడండి. 10 అడుగులకు 12 అడుగుల గదిలో నాలుగు అంగుళాల ఒండ్రు పేరుకుంటే 40 ఘనపుటడుగులు. తడి ఒండ్రు కాబట్టి బరువు రెండు టన్నుల దాకా వస్తుంది. తట్టకు 18 కిలోల చొప్పున వంద తట్టలకు పైనే. భర్త పోయిన మనిషి, ఇద్దరు చిన్నపిల్లలతో వంద తట్టలు ఎత్తగలదా? అయిదుగురు యవ్వనస్థులు పూట పనిలో ఎత్తేస్తారు. ఈ పూట పనిని మించిన సువార్త ప్రకటన ఆ ఇంట్లో ఇంకోటి ఉండదు, ఒక్క వాక్యం చదవకపోయినా సరే.

పనికీ ఒక వరస ఉంది. చేయి పెట్టక ముందే స్కేలు నిలబెట్టి ఒండ్రు లోతుకూ, గోడ మీద నీటి గీతకూ ఫోటో తీయాలి. శుభ్రం చేశాక నష్టం చూపించడానికి ఏమీ మిగలదు. తర్వాత మెయిన్ ఆఫ్ చేసి, వైర్‌మ్యాన్ వచ్చి మీటరు బాక్సు, బోరు స్టార్టరు ఆరాయని చెప్పేదాకా ముట్టుకోకూడదు. గ్యాస్ రెగ్యులేటర్లో మట్టి చేరి ఉంటే వెలిగించకూడదు. ఒండ్రు తడిగా ఉండగానే ఎత్తాలి. రెండు ఎండలు కాస్తే గడ్డకట్టి గడ్డపారకు గానీ లొంగదు, నాప బండల సందుల్లో ఇరుక్కుంటే బండలే లేపాల్సి వస్తుంది. వెనక గది నుంచి మొదలుపెట్టి వాకిలి వైపు లాక్కురావాలి. ఎత్తింది మురుగు కాలువలో వేయొద్దు. కాలువ పూడి, తర్వాతి వానకు అదే మట్టి అదే ఇంట్లోకి వస్తుంది. అది మామూలు మట్టి కాదు, ఊరి మురుగంతా కలిసిన మట్టి. బూట్లు, చేతి తొడుగులు లేకుండా పిల్లలను దింపొద్దు, గాజు పెంకు గుచ్చుకుంటే ధనుర్వాతం సూది తప్పదు.

మట్టి మిద్దెల దగ్గర మరీ జాగ్రత్త. నీళ్ళు తీశాయి కదా, గోడ నిలబడింది కదా అని లోపలికి పోతారు. అడుగున గోడ నానిపోయి ఉంటుంది, పైన మిద్దె మీది చౌడు మట్టి తడిసి బరువెక్కి ఉంటుంది. నీళ్ళలో నిలబడ్డ గోడ, నీళ్ళు పోయిన రెండు మూడు రోజులకు కూలడం కొత్తేమీ కాదు. గోడ ఉబ్బినా, కొత్త బీట కనిపించినా, నిన్నటిదాకా మూసుకున్న తలుపు ఇవాళ పట్టేస్తున్నా ఆ ఇంట్లో పడుకోనివ్వకండి. “ప్రార్థన చేసినాం, ఏం గాదులే పెద్దమ్మా” అని ఆ గోడ కింద పండబెట్టేవాళ్ళతోనే నాకు గొడవ. ఆ పెద్దమ్మకు అప్పుడు కావలసింది ఆసరా వాసం, లేదంటే మందిరంలో చాప.

ఊరి బావికి బ్లీచింగ్ పౌడర్ వేస్తారు, చేతికొచ్చినంత. లెక్క కష్టమేం కాదు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. మూడు మీటర్ల వెడల్పు బావిలో నాలుగు మీటర్ల నీళ్ళుంటే సుమారు 28,000 లీటర్లు, అంటే 70 గ్రాములు. ముందు బకెట్లో కలిపి, తేటను మాత్రం వేసి, గంట ఆగాలి. బురద నీళ్ళకు ఈ మోతాదు చాలదు, ముందు నీళ్ళు తోడి పోయాలి. మూత తీసిన సంచి నెలల తరబడి మందిరం మూల పడి ఉంటే అందులో మిగిలేది సున్నం, క్లోరిన్ కాదు.

కాగితాలు, ఇంకో కాగితం

మూడో నెలలో సంఘం నుంచి కావలసింది ఒక లాంగ్‌బుక్, ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక ఉన్న ఒక మనిషి. రిటైరైన టీచరమ్మో, చదువుకున్న పిల్లాడో అయితే మేలు. తడిసిన కాగితాలను విడదీయడానికి లాగకూడదు. వార్తాపత్రిక మధ్య పెట్టి, మారుస్తూ, నీడలో ఆరబెట్టాలి. ఆధార్ వేలిముద్రతో మళ్ళీ వస్తుంది, దానికి భయం లేదు. రిజిస్టర్ అయిన దస్తావేజుకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు దొరుకుతుంది. పదో తరగతి మెమోకు చదివిన బడి హెడ్‌మాస్టరు ద్వారా పోవాలి. పొలం కాగితాలైన అడంగల్, 1బి సచివాలయంలోనో మీసేవలోనో తీసుకోవచ్చు.

పంట నష్టానికి 33 శాతం దాటితేనే పెట్టుబడి రాయితీ. పొలంలో ఇసుక మేట మూడు అంగుళాలు మించితేనే తొలగింపు సాయం. అందుకే లెక్కలు రాసేవాళ్ళు వచ్చేలోపు ఇసుక ఎత్తకూడదు. కౌలు రైతుకు సాగుదారు హక్కు కార్డు, ఈ-పంట నమోదు రెండూ లేకపోతే డబ్బు భూమి ఉన్నాయన ఖాతాలో పడుతుంది. ప్రాణం పోయిన ఇంటికి విపత్తు నిధి కింద నాలుగు లక్షలు. దానికి పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధృవపత్రం కావాలి. పుట్టెడు దుఃఖంలో ‘కోయించొద్దు’ అని శవాన్ని తీసుకుపోయినవాళ్ళకు ఆ తర్వాత ఏళ్ళు తిరిగినా పని జరగదు. ఆ గంటలో పక్కనుండి, “అన్నా, ఈ ఒక్కటి ఓర్చుకో” అని మెల్లగా చెప్పగలిగే మనిషి కావాలి.

ఆ లాంగ్‌బుక్‌లో ఇంటి నంబరు, మనుషులెందరు, పోయిన కాగితాలు, దరఖాస్తు నంబరు, మళ్ళీ ఎప్పుడు పోవాలి, ఇవే ఉండాలి. మతం గడి ఉండకూడదు. సంఘ సభ్యుల రిజిస్టరు వేరే పుస్తకం, దాన్ని ఆ బల్ల మీదికే తేవొద్దు.

ఇంకో కాగితం గురించి మన పాస్టర్లు సాధారణంగా మాట్లాడరు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే. క్రైస్తవుడైన మాల, మాదిగ మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తాడు, ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి. ఇది న్యాయమా కాదా అన్నది వేరే వాదన, నాకైతే అన్యాయమే. అయినా ఇల్లు, పొలం, కాగితాలు అన్నీ పోగొట్టుకున్న మనిషికి బాప్తిస్మానికి నీళ్ళలో ముంచే ముందు ఈ సంగతి చెప్పాలా వద్దా? పిల్ల ఇంటర్ చదువుతోంది, స్కాలర్‌షిప్ ఉంది, రేపు సీటు సంగతి ఏమిటి? ఇదంతా తెలిసి, ఆలోచించుకుని, అప్పుడు తీసుకునే బాప్తిస్మానికి బరువుంటుంది. సంగతి దాచి ఇచ్చినదాంట్లో ఇచ్చినవాడిదే తప్పు.

ధాతు కరువులో ఒక పాఠం

‘కూటి కోసం మతం’ అన్న మాట మనవాళ్ళు నూటయాభై ఏళ్ళుగా పడుతున్నారు. దానికి జవాబు కూడా ఆ కాలంలోనే ఉంది. ధాతు కరువు అని పిలిచే 1876-78 కరువు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను నమిలేసింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి పని ఇచ్చాడు. పనికి వచ్చినవాళ్ళలో వేలమంది బాప్తిస్మం అడిగారు. ఇవ్వలేదు. సహాయం నడిచినన్నాళ్ళూ, ఏడాదికి పైగా, ఒక్కరికీ ఇవ్వలేదు. పని అయిపోయి, కూలి ఆగిపోయాక మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ అంకెను మన సభల్లో గర్వంగా చెప్తారు. దాని ముందున్న ఏడాది నిరీక్షణను ఎవరూ చెప్పరు. అది లేకపోతే ఈ అంకెకు విలువే లేదు. ఆగినా ఆకలే కదా తెచ్చింది అనేవాళ్ళు ఉంటారు. ఆకలి పాత్ర అసలు లేదని నేననను. అయితే యెర్రగుంట్ల పేరయ్య మొదలుపెట్టిన, క్రైస్తవం వైపు మాదిగల కదలిక కరువుకు పదేళ్ళ ముందటిది. మనుషులుగా చూసిన చోటికి మనుషులు నడిచారు. కరువు ఆ దారిలో తొందర పెట్టి ఉండొచ్చు, దారి వేసింది మాత్రం కరువు కాదు.

ఇంకో కొసన అనంతపురం ఉంది. 1969లో అక్కడికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ జెసూట్ అనే కథోలిక గురువుల సభను వదిలేసి, మతం మాట ఎత్తని సంస్థ పెట్టి, 2009లో చనిపోయేదాకా కరువు నేల మీద పనిచేశాడు. ఆయన వల్ల ఇల్లు కట్టుకున్నవాళ్ళు చర్చికి పోవాల్సిన పని పడలేదు. సంఘాలన్నీ ఆయనలా మారాలని నేననను. సంఘం సంఘంగానే ఉండాలి, పాట పాడాలి, ప్రార్థన చేయాలి. అన్నం పెట్టే చేయి, ప్రార్థనకు పిలిచే చేయి ఒకే పూట ఒకే మనిషివి కాకుండా ఉంటే చాలు. 1994లో రెడ్ క్రాస్, ఇతర సహాయ సంస్థలు రాసుకున్న ప్రవర్తనా నియమావళిలోనూ ఇదే ఉంది: సాయాన్ని మత ప్రచారానికి వాడకూడదు. బైబిల్లోని యాకోబు పత్రిక ఇంకా ముందే చెప్పింది, బట్టలేనివాడికి సమాధానంగా (శాంతిగా) వెళ్ళమని మాట చెప్పి పంపితే ఏం లాభమని.

ఎవరి పాపం?

అన్నమయ్య డ్యామ్ కట్ట తెగిన ఆ శుక్రవారం కార్తీక పౌర్ణమి. శివాలయంలో ఉన్నవాళ్ళనూ చెయ్యేరు వదల్లేదు. దాన్ని ‘తీర్పు’ అని ప్రసంగించే నోళ్ళు మనలో లేకపోలేదు. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి లూకా సువార్త 13వ అధ్యాయంలో ఉంది, వాళ్ళేమీ అందరికన్నా పాపులు కారని చెప్పింది ప్రభువే. ఇంతకన్నా స్పష్టంగా ఏం కావాలి? వరదలకు కారణాలు దేవుడి కోపంలో వెతకక్కర్లేదు. 2009లో శ్రీశైలానికి వచ్చిన ప్రవాహం డ్యామ్ లెక్క కట్టిన 19 లక్షల క్యూసెక్కులను దాటి 25 లక్షల దాకా పోయింది. తుంగభద్ర ఎగదన్నితే హంద్రీ నీళ్ళు పోయే దారి లేక పాతబస్తీలోకి వచ్చాయి. నీళ్ళు గుడి, మసీదు, చర్చి చూసుకుని రాలేదు.

బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులను ప్రసంగాల్లో తిడతాం గానీ, వాళ్ళూ మొదట మంచి పనే చేశారు. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నోరెత్తకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడిపోయింది.

నాకూ తేలని సంగతులు

ఈ వాదనలో ఇబ్బందులు లేకపోలేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి “అయ్యా, ప్రార్థన చేయండి” అంటే ఏడాది ఆగమంటామా? అనం. అడిగినప్పుడు చేయడానికి ఏ అడ్డూ లేదు, మెల్లగా, ఆమె పక్కన కూర్చుని, ఫోను జేబులో పెట్టుకుని. నేను ఆపమనేది అడగని ప్రార్థనను, పొట్లం ముందు పెట్టి చేసే ప్రార్థనను, వీడియో తీసే ప్రార్థనను.

సాక్ష్యాలు లేకపోతే కానుకలు రావు, కానుకలు లేకపోతే తట్టలు, పారలు ఎక్కడివి అంటారు. నిజంగానే గట్టి ప్రశ్న. దానికి ఒండ్రు ఫోటోలు చూపండి, లాంగ్‌బుక్ లెక్కలు చూపండి: ఎన్ని ఇళ్ళు, ఎన్ని తట్టలు, ఎన్ని దరఖాస్తులు. మనిషి ఏడుపు కన్నా వీటికి తక్కువ వస్తుందని తెలుసు. తక్కువతోనే చేయాలి.

సాక్ష్యం చెప్తే గుండె బరువు తగ్గుతుంది కదా అన్నది ఇంకో మాట. కొందరికి తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకం మూడే మాటలు చెప్తుంది: చూడు, విను, కలుపు. జరిగింది చెప్పమని ఒత్తిడి చేయొద్దని కూడా చెప్తుంది. చెప్పాలనుకున్నవాళ్ళు వంటింట్లో, ఒండ్రు ఎత్తుతూ, సచివాలయం క్యూలో వాళ్ళంతట వాళ్ళే చెప్తారు. మైకు ముందు చెప్పేది వేరు. అక్కడ కథకు ముగింపు ఉండాలి, ఆ ముగింపు సంతోషంగా ఉండాలి. నలభై రోజులకు ఎవరి కథకూ ముగింపు ఉండదు.

మరి ఆగమంటే వేరే సంఘానికి పోయి ఆ వారమే బాప్తిస్మం తీసుకుంటారేమో? తీసుకుంటారు, జరుగుతూనే ఉంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. పోయినా వాళ్ళ పేరు లాంగ్‌బుక్‌లోంచి కొట్టేయకండి, దరఖాస్తు నంబరు అదే కదా.

ఏడాది తిరిగి మళ్ళీ మబ్బు పట్టినప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. మొదటి పెద్ద వాన రాత్రి ఆ ఇళ్ళలో ఎవరూ నిద్రపోరు. పిల్లలు పక్క తడుపుతారు, పెద్దవాళ్ళు మాటిమాటికీ లేచి వాకిలి తీసి చూస్తారు. ఇద్దరు యవ్వనస్థులు టార్చి తీసుకుని వంక దాకా పోయి నీటి మట్టం చూసి రావాలి, గంటకొకసారి. తిరిగొచ్చి తలుపు కొట్టి, “అక్కా, వంక బ్రిడ్జి కింద మూడడుగులు ఖాళీ ఉంది, పడుకోండి” అని చెప్పాలి. తెల్లవారేదాకా.